బైకుకి అదనపు లైట్లు: రిలే వాదన వెనుక అసలు లెక్క

డిసెంబరు వచ్చిందంటే లంబసింగి, అరకు ఘాట్లెక్కే బైకులకు హెడ్‌లైటు పక్కన మరో రెండు లైట్లు మొలుస్తాయి. ఆ లైట్లు బిగించే చోట మాత్రం ముగ్గురు మూడు మాటలు చెబుతారు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చు) లేకుండా బిగిస్తే వైరింగంతా కాలిపోతుందని ఒకరు. ఎల్ఈడీకి రిలే ఏమిటి, డబ్బు దండగ అని ఇంకొకరు. షోరూములో అడిగితే, ఒక్క వైరు కోసినా వారంటీ పోయినట్టే అంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి నిజం ఏ బండికి, ఏ లైటుకి వర్తిస్తుందో తేలాలంటే ముందు ఎన్ని ఆంపియర్లో తెలియాలి.

పెట్టె మీది వాట్లు, వైరులోని ఆంపియర్లు

బైకు బ్యాటరీని 12 వోల్టులంటాం గానీ నిండుగా ఉన్నప్పుడు అది 12.6 నుంచి 12.8 దాకా చూపిస్తుంది. ఇంజను నడుస్తూ ఛార్జింగ్ సరిగ్గా ఉంటే 14 దగ్గర ఉంటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే వైరులో పారే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. ఈ వ్యాసంలోని లెక్కలన్నిటికీ ఈ ఒక్క భాగహారమే ఆధారం.

పాత పద్ధతిలో 55 వాట్ల హాలోజన్లు రెండు పెడితే 110 వాట్లు, అంటే దాదాపు 8.6 ఆంపియర్లు. 20 వాట్ల ఎల్ఈడీలు రెండు పెడితే 40 వాట్లు, 3 ఆంపియర్లు. హ్యాండిల్‌కి పెట్టే మామూలు యూఎస్‌బీ ఛార్జరు 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు ఇస్తుంది, అంటే 10 వాట్లే. బ్యాటరీ వైపు నుంచి అది లాగేది ఒక ఆంపియరుకి అటూ ఇటూ.

పెట్టె మీద రాసిన వాట్లను నమ్మి లెక్క మొదలుపెడితే మాత్రం దారి తప్పుతాం. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, హైదరాబాద్ పుత్లీబౌలిలో అయినా 120 వాట్లు, 200 వాట్లు అని అచ్చేసిన లైట్లు అరచేతిలో పట్టేంత సైజులో దొరుకుతాయి. అంత చిన్న అల్యూమినియం డబ్బా 120 వాట్ల వేడిని బయటికి వదలలేదు. మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి లైటుకి వరుసలో కలిపి చూస్తే 1.5 ఆంపియర్లు చూపించిందనుకుందాం. అది 20 వాట్ల లైటు. ఫ్యూజు, వైరు లెక్క వేయాల్సింది ఈ అంకెతోనే.

రిలే లోపల ఏముంది

పొలంలో బోరు మోటారు స్టార్టరు చూసినవాళ్లకి రిలే కొత్తది కాదు. పచ్చ బటన్ గుండా మోటారు కరెంటు పారదు. బటన్ కాయిల్‌ని (కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్టని) లేపుతుంది, కాయిల్ కాంటాక్టులను లాగుతుంది, మోటారు కరెంటు వాటి గుండా పోతుంది. అగ్గిపెట్టెకి కాస్త పెద్దగా ఉండే బండి రిలేలోనూ జరిగేది అదే.

అడుగున పిన్నుల దగ్గర సన్నటి అంకెలుంటాయి. 85, 86 అనేవి కాయిల్ రెండు కొసలు. 30 బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు గుండా వచ్చే చోటు. 87 లైటుకి వెళ్లే చోటు. కాయిల్ నిరోధం సాధారణంగా 80 నుంచి 100 ఓమ్‌లు ఉంటుంది కాబట్టి అది తీసుకునేది 0.15 ఆంపియర్ల దగ్గర. అంటే స్విచ్చు గుండా 0.15 ఆంపియర్లే పోతుంది, లైటుకి కావలసిన 3 గానీ 9 గానీ వేరే దారిలో నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. ఒకటి సంకేతం దారి, ఒకటి కరెంటు దారి. ఈ రెంటినీ మనసులో విడదీసి పెట్టుకుంటే ఏ డయాగ్రమైనా చదవొచ్చు.

అయిదు పిన్నుల రిలే కొన్నవాళ్లు తరచుగా పొరబడేది నడిమి పిన్ను దగ్గర. దాని మీద 87ఏ అని ఉంటే, రిలే నిద్రలో ఉన్నప్పుడు 30కి అతుక్కుని ఉండేది అదే. లైటు వైరు పొరపాటున దానికి తగిలిస్తే స్విచ్చు ఆపినప్పుడు లైటు వెలుగుతుంది, వేస్తే ఆరిపోతుంది, రాత్రికి బ్యాటరీ దిగిపోతుంది. కొన్ని అయిదు పిన్నుల రిలేల్లో నడిమి పిన్ను కూడా 87 అనే ఉంటుంది, వాటితో ఈ గొడవ లేదు.

కాయిల్‌కి పాజిటివ్ ఏది, నెగెటివ్ ఏది అన్నది మామూలు రిలేలో పట్టింపు లేదు. కానీ లోపల డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ఉన్న రిలే అయితే 86కే పాజిటివ్ ఇవ్వాలి. తిరగేస్తే డయోడ్ గుండా నేరుగా షార్ట్ అయి ఫ్యూజు పోతుంది. అసలు ఆ డయోడ్ ఎందుకంటే, కాయిల్‌కి కరెంటు తెగిన క్షణంలో వంద వోల్టులు దాటే ఎదురు దెబ్బ పుడుతుంది. దాన్ని డయోడ్ అక్కడికక్కడే మింగేస్తుంది. ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు) ఉన్న బండ్లకి డయోడ్ రిలే వాడటం మంచిదనేది అందుకే. డయోడ్ బొమ్మ రిలే పక్కన అచ్చేసి ఉంటుంది.

రిలే లేకపోతే కొంప మునుగుతుందా?

అవసరం అనేవాళ్ల వాదన ఇది. హ్యాండిల్ స్విచ్చుల్లోని కాంటాక్టులు చిన్నవి, వాటి వెనుక వైర్లు సన్నవి. 8.6 ఆంపియర్లు వాటి గుండా పంపితే కాంటాక్టులు నల్లబడతాయి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, వోల్టేజీ పడిపోతుంది. హాలోజన్ విషయంలో ఇది నూటికి నూరు పాళ్లు నిజం. హాలోజన్‌కి అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది.

అక్కర్లేదనేవాళ్ల వాదనా కొట్టిపారేసేది కాదు. 10 ఆంపియర్లు మోయగల మంచి స్విచ్చు విడిగా కొని, దాని గుండా 3 ఆంపియర్ల ఎల్ఈడీలను నడిపితే ఏమీ కాలదు. లైటు, స్విచ్చు, ఫ్యూజు, నాలుగు జాయింట్లతో పని అయిపోతుంది. రిలే పెడితే జాయింట్లు రెట్టింపు, చెడిపోయే చోట్లూ రెట్టింపు.

అయినా ఎల్ఈడీలకు కూడా రిలే వైపే మొగ్గడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఎల్ఈడీ డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటును సరిచేసి ఇచ్చే సర్క్యూట్) లోని కెపాసిటర్లు స్విచ్చు వేసిన తొలి క్షణంలో మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు గుంజుతాయి. ఆ నిప్పురవ్వ రోజూ పడితే చిన్న స్విచ్చు కాంటాక్టు మీద గుంటలు పడతాయి. రెండోది పెద్దది. రిలే ఉంటే లైటును తాళంచెవికి ముడిపెట్టొచ్చు, కంపెనీ వైరింగ్ మీద 0.15 ఆంపియర్లకి మించి భారం పెట్టకుండానే. యూఎస్‌బీ ఛార్జరుకి మాత్రం రిలే నిజంగానే దండగ. కీ ఆన్‌లో మాత్రమే కరెంటు వచ్చే వైరు నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకుంటే చాలు.

సంకేతం ఎక్కడి నుంచి తీయాలి

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

నేరుగా బ్యాటరీ నుంచి తీసి విడి స్విచ్చు పెట్టడం అన్నిటికన్నా తేలిక. ఆపడం మరచిపోయిన రోజు ఏమవుతుందో లెక్కేద్దాం. 350 సీసీ బండికి 8 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనుకుంటే, 3 ఆంపియర్ల లైట్లు దాన్ని రెండున్నర గంటల్లో పిండేస్తాయి. 4 ఆంపియర్-అవర్ల కమ్యూటర్ బండిలో గంటంపావుకే సరి. సెల్ఫ్ అంతకన్నా ముందే పనిచేయడం మానేస్తుంది. లైటు బల్బు పోయి రిలే ఒక్కటే పట్టుకుని ఉన్నా, పది గంటల్లో 1.5 ఆంపియర్-అవర్లు తాగుతుంది. యూఎస్‌బీ ఛార్జరు ఫోను పెట్టకపోయినా 10 మిల్లీఆంపియర్లు లాగుతుంటే రోజుకి 0.24 ఆంపియర్-అవర్లు పోతాయి. ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చేసరికి 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ దాదాపు ఖాళీ.

రెండో దారి పార్కింగ్ లైటు లేదా టెయిల్ లైటు వైరు. కీ తీస్తే ఆరిపోతుంది కాబట్టి మరచిపోయే భయం లేదు, వైరు దొరకడమూ సులువే. 2017 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. కాబట్టి ఆ తర్వాతి బండ్లలో ఇది పగలూ రాత్రీ బతికి ఉండే సంకేతమే. స్విచ్చు మధ్యలో ఉండనే ఉంటుంది గనక ఇబ్బంది లేదు.

మూడోది హైబీమ్ వైరు. డిప్పర్ కొట్టగానే అదనపు లైట్లూ ఆగిపోతాయి, ఎదుటివాడి కళ్లలో పడదు. దూరం చూపే స్పాట్ లైట్లకి ఇదే మర్యాద. కానీ మంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, అక్కడ లోబీమ్‌తో పాటు ఫాగ్ లైటు వెలగాలి. కాబట్టి ఫాగ్ లైటుకి ఈ దారి పనికిరాదు.

ఇక తిరకాసు. పాత కమ్యూటర్ బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీతో కాక నేరుగా మాగ్నెటోతో (ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగంతో) వెలుగుతుంది. యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరిగి, వదిలితే తగ్గేది అందుకే. అది ఏసీ. డీసీ రిలేకి ఆ సంకేతం ఇస్తే టకటకమని కొట్టుకుంటూ ఉండి, కొద్ది రోజుల్లో కాంటాక్టులు పాడవుతాయి. కొత్త బండ్లలో ఇంకో రకం సమస్య. కొన్నిటిలో లైట్లకు కరెంటు సెకనుకి వందలసార్లు ఆగి ఆగి వెళుతుంది, దానికీ రిలే అలాగే వణుకుతుంది. వైరు కోసేముందు మీటరు డీసీలో ఒకసారి, ఏసీలో ఒకసారి పెట్టి చూడటం, కీ ఆన్‌లో, ఇంజను నడుస్తుండగా, కీ ఆఫ్‌లో మూడుసార్లూ చూడటం వల్ల ఈ రెండూ బయటపడతాయి. కీ ఆఫ్‌లో సున్నా, మిగతా రెండుసార్లూ 12 నుంచి 14.5 మధ్య కదలకుండా నిలిచే వైరు కావాలి. ఫ్యూయల్ పంపు, ఏబీఎస్, సెన్సర్ల వైర్ల జోలికి మాత్రం పోకూడదు. పోతే మీటరు బోర్డులో ఎర్రర్ లైటు వచ్చి కూర్చుంటుంది.

లైటు బదులు అదనపు హార్న్ పెట్టేవాళ్లకి ఇదంతా వర్తించదు, ఎందుకంటే చాలా బండ్లలో హార్న్ బటన్ ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్) వైపు ఉంటుంది. పాత హార్న్‌కి వచ్చే రెండు వైర్లనే 85కీ 86కీ ఇస్తే బటన్ ఏ వైపు ఉన్నా రిలే పనిచేస్తుంది.

ఫ్యూజు కాపాడేది లైటుని కాదు

ఫ్యూజు ఉన్నది వైరు కోసం. 3 ఆంపియర్ల లోడుకి 5 ఆంపియర్ల ఫ్యూజు, లేత గోధుమ రంగుది. 8.6 ఆంపియర్ల హాలోజన్లకి 15, నీలం రంగుది. 10 ఆంపియర్ల ఎర్రది అంచుమీద నిలబడి ఎండాకాలంలో ఊరికే పోతుంటుంది. కిట్‌తో పాటు 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు ఇచ్చారంటే దాన్ని అలాగే వాడటం ప్రమాదం. 0.5 స్క్వేర్ ఎంఎం వైరు ఎక్కడైనా చట్రానికి తగిలి షార్ట్ అయితే, ఆ ఫ్యూజు పోయేలోపే ఇన్సులేషన్ కరిగి పక్క వైర్లను కూడా అంటుకుంటుంది.

ఫ్యూజు ఉండాల్సిన చోటు బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు లోపు. హెడ్‌లైటు దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ట్యాంకు కింద నడిచిన మీటరు పొడవు వైరుకి రక్షణ లేనట్టే.

వైరు మందం లెక్క ఇలా ఉంటుంది. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి మీటరుకి దాదాపు 0.018 ఓమ్‌లు. పోను రెండు మీటర్లు, రాను రెండు మీటర్లు అనుకుంటే 0.072. దాన్ని 3తో గుణిస్తే పోయేది 0.2 వోల్టులకి కాస్త ఎక్కువ, అంతే. అదే 8.6 ఆంపియర్లయితే 0.62 వోల్టులు పోతాయి, అక్కడ 1.5 లేదా 2.5 స్క్వేర్ ఎంఎం కావాలి. ఎల్ఈడీలకి వోల్టేజీ తగ్గితే వెలుగు తగ్గదు కదా అని సన్న వైరు వేస్తారు. డ్రైవరు మంచిదైతే ఆ మాట నిజమే, కానీ అది వోల్టేజీ తగ్గిన కొద్దీ ఆంపియర్లు పెంచి లాగుతుంది, సన్న వైరు ఇంకా వేడెక్కుతుంది.

ఎర్త్ సంగతి అందరూ చివరికి వదిలేస్తారు. చట్రం మీద ఏదో నట్టు కింద లగ్గు (వైరు కొసకి ఉండే లోహపు ముక్క) పెట్టి బిగిస్తే, పెయింటు పొర మధ్యలో అడ్డుపడుతుంది. అది గీకి, బిగించి, గ్రీజు రాస్తే చట్రం ఎర్త్ బాగానే పనిచేస్తుంది. బైకు పొట్టిది కాబట్టి నెగెటివ్ వైరును కూడా బ్యాటరీ దాకా తేవడం పెద్ద ఖర్చు కాదు, తుప్పు గొడవ ఉండదు.

మాగ్నెటో ఎంత ఇస్తుంది, బండి ఎంత తింటుంది

ఒక బండి ఛార్జింగ్ వ్యవస్థ 5,000 ఆర్‌పీఎం దగ్గర 200 వాట్లు ఇస్తుందనుకుందాం. హెడ్‌లైటుకి 55, టెయిల్ లైటు, మీటరు బోర్డు కలిపి 15, ఈసీయూ, ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్‌కి 60 పోతే 70 మిగులుతాయి. 40 వాట్ల ఎల్ఈడీలు ఇందులో ఇమిడిపోతాయి, 110 వాట్ల హాలోజన్లు ఇమడవు. పైగా ఆ 200 పరుగు మీద ఉన్నప్పటి మాట. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో సగానికి సగం కూడా రాకపోవచ్చు, లోటు బ్యాటరీ నుంచి పోతుంది. ఊళ్లో నడిపే బండికి, హైవే మీద నడిపే బండికి ఒకే లైట్లు పెట్టినా ఒకదానికే బ్యాటరీ దిగిపోవడం అందుకే.

కాగితం లెక్క అక్కర్లేకుండా తేల్చుకునే పద్ధతి ఉంది. అన్ని లైట్లూ వేసి, ఇంజను 3,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి, బ్యాటరీ మీద మీటరు పెట్టాలి. 13.5 పైన ఉంటే నిశ్చింత. 13 కిందికి జారితే బ్యాటరీ నింపుకోవడం మానేసి ఖర్చు చేసుకుంటోందని అర్థం.

జాయింట్లు: మెలిపెట్టడం, టంకం, క్రింపు

పోగులు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం మన దగ్గర మామూలు. మే నెల ఎండకి ఆ టేపు జిగురు కారి విడిపోతుంది, జూన్ వానకి లోపల పచ్చగా తుప్పు పడుతుంది. టంకం వేస్తే పట్టు గట్టిగా ఉంటుంది గానీ, కరిగిన సీసం పోగుల వెంట ఇన్సులేషన్ లోపలికి పాకి వైరుని పుల్లలా బిగుసుకునేలా చేస్తుంది. అదురుకి వైరు విరిగేది సరిగ్గా ఆ పుల్ల ఆగి మెత్తటి వైరు మొదలయ్యే చోట. వైరు మీద నొక్కి బిగించే క్రింపు లగ్గులో ఈ బాధ లేదు, కానీ కటింగ్ ప్లయరుతో నొక్కినది క్రింపు కాదు, దానికి పనిముట్టు వేరే ఉంది. కంపెనీలు హార్నెస్సుల్లో (బండి వైర్ల కట్టల్లో) ఎక్కువగా క్రింపే వాడతాయి. టంకమే వేసేవాళ్లు పైన ష్రింక్ స్లీవు వేసి, జాయింటు కదలకుండా పక్కనే టై కట్టేస్తే అదీ నిలుస్తుంది. వైరు కోయకుండా నొక్కి తగిలించే ప్లాస్టిక్ క్లిప్పులు మాత్రం లోపల పోగుల్ని సగం తెంపుతాయి, నీళ్లూ పీల్చుకుంటాయి.

రిలేని సీటు కింద, పిన్నులు కిందికి ఉండేలా వేలాడదీయాలి. పిన్నులు పైకి ఉంటే వాన నీళ్లు అడుగున చేరి నిలుస్తాయి.

వారంటీ, చట్టం

ఒక్క వైరు కోసినా వారంటీ పోతుందనే మాటకి ఆధారం ఉంది, అతిశయోక్తీ ఉంది. హార్నెస్సు కోసినట్టు కనిపిస్తే కరెంటు భాగాల క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరించడానికి సాకు దొరుకుతుంది. ఇంజనులో క్రాంక్ పోయినదానికీ ఫాగ్ లైటుకీ సంబంధం చూపడం అంత తేలిక కాదు. వైరు కోయకుండా కప్లర్ల (వైర్లను కలిపే ప్లగ్గుల) మధ్య తగిలించే జంపర్ వైరు వాడితే, సర్వీసుకి ముందు తీసి పెట్టేయొచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కంపెనీలు తామే ఫాగ్ లైట్లు అమ్ముతాయి, వారంటీ భయం ఎక్కువున్నవాళ్లకి ఆ ఖరీదు అందుకే.

చట్టం వైపు మబ్బు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతిలేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. మార్పు అంటే బండి మూల లక్షణాన్ని మార్చేదని 52వ సెక్షన్ వివరణలో ఉంది కాబట్టి బోల్టుతో బిగించిన లైటు దాని కిందికి రాదని ఒక వాదన. లైటింగ్ కూడా ఆమోదం పొందిన నమూనాలో భాగమే కదా అని ఎదురు వాదన. వాదన ఎటు తేలినా, ఎదుటివారి కళ్లు చెదిరే లైటును కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 106వది ఒప్పుకోదు, ముందు వైపు స్పాట్ లైటును 111వది ఒప్పుకోదు. రోడ్డు మీద ఆపేదీ ఎక్కువగా వీటికోసమే. కాబట్టి లైటు కిందికి వంచి బిగించడం, ఊళ్లో ఆపేయడం సర్దుబాటు మాత్రమే కాదు, కేసుకీ కేసు లేకపోవడానికీ మధ్య తేడా.

పనిచేయనప్పుడు ఎక్కడ వెతకాలి

రెండు దార్లనీ విడదీసి చూసే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. స్విచ్చు వేస్తే రిలే టక్ మంటోంది, లైటు రావట్లేదంటే సంకేతం బాగున్నట్టే. ఫ్యూజు, 30, 87 వరుసగా చూడాలి. 87 దగ్గర 12 వోల్టులు ఉన్నాయంటే తప్పు అక్కడి నుంచి లైటుకి వెళ్లే వైరులోనో, లైటులోనో, దాని ఎర్త్‌లోనో ఉంది. టక్ మనకపోతే స్విచ్చు, 86, 85 ఎర్త్ చూడాలి. ఏసీ కాని బండిలో కూడా రిలే టకటకలాడుతుంటే బ్యాటరీ దిగిపోయిందేమో చూడాలి. లైటు వెలగగానే వోల్టేజీ పడి రిలే వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ లేచి మళ్లీ పట్టుకుంటుంది. కీ తీసినా లైటు ఆరకపోతే 87ఏ పొరపాటు కావచ్చు, లేదా కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు. స్క్రూడ్రైవరు పిడితో రిలేని తడితే ఆరిందంటే అతుక్కున్నట్టే, ఆ రిలే పారేయాలి.

నిలబెట్టిన బండిలో అంతా బాగుండి, మలుపు తిరిగినప్పుడే ఫ్యూజు పోతుంటే హ్యాండిల్ మెడ దగ్గర చూడాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పుతూ చూస్తే, బిగుసుగా లాగి కట్టిన వైరు చట్రం అంచుకి రాసుకున్న చోట రాగి మెరుస్తూ కనిపిస్తుంది. ఫ్యూజు ఊరికే పోతోందని 5 తీసి 20 వేసిన బండ్లలో పొగ లేచేది అక్కడి నుంచే.